లెవెల్ 4 ఇంగ్లిష్: పైలట్ మాటకూ మాన్యువల్ మాటకూ ఎందుకింత కొలత

క్లుప్తంగా: పైలట్లకు ఇంగ్లిష్ తప్పనిసరి అన్న మాటలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. ఒకటి రేడియోలో వాడే కట్టుదిట్టమైన పదజాలం. రెండోది, ఆ పదజాలం చాలనప్పుడు అవసరమయ్యే మామూలు ఇంగ్లిష్. మూడోది మెయింటెనెన్స్ మాన్యువళ్ల కోసం కావాలనే కుదించిన ఇంగ్లిష్. మూడింటిలోనూ చూసేది భాష ఎంత గొప్పగా ఉందని కాదు, ఒక మాటకు ఒకే అర్థం వస్తోందా అని.

పైలట్ ట్రైనింగ్‌లో చేరాలనుకునే పిల్లల ఇళ్లలో తరచూ ఒక టెన్షన్ కనిపిస్తుంది. ‘మనవాడికి ఇంగ్లిష్ వచ్చు గానీ గడగడా మాట్లాడలేడు, లైసెన్స్ ఇస్తారా?’ అని. ఇటు హ్యాంగర్‌లో, అంటే విమానాల మరమ్మతు షెడ్డులో, ఉద్యోగం చూసుకునే మెకానిక్‌లకు ఇంకో అనుమానం: విమానం తయారైంది ఫ్రాన్స్‌లో, మరమ్మతు చేసేది శంషాబాద్‌లో, మధ్యలో మాన్యువల్ ఇంగ్లిష్‌లో ఎందుకు? రెండు ప్రశ్నలకూ సమాధానాలు వేరు. వాటిని కలిపి ‘ఇంగ్లిష్ పెత్తనం’ అనో ‘ఇంగ్లిష్ బాగా వస్తే చాలు’ అనో తేల్చేస్తే అసలు సంగతి దొరకదు.

నిబంధనలో ఉన్నదేమిటి

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 2003లో తన నిబంధనలకు భాషా ప్రావీణ్యం షరతులు చేర్చింది. 2008 మార్చి నాటికి అన్ని దేశాలూ అమలు చేయాలని గడువు పెట్టింది. చాలా దేశాలు సిద్ధం కాకపోవడంతో 2011 మార్చి దాకా వెసులుబాటు ఇచ్చింది.

ఈ నిబంధన ‘అందరూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి’ అనదు. కింద ఉన్న కంట్రోల్ స్టేషన్ మామూలుగా వాడే భాషలో గానీ, ఇంగ్లిష్‌లో గానీ మాట్లాడవచ్చు అంటుంది. అంతర్జాతీయ విమానాలు తిరిగే చోట్ల పైలట్ అడిగితే మాత్రం ఇంగ్లిష్ అందుబాటులో ఉండి తీరాలి. అందుకే ఫ్రాన్స్‌లో ఫ్రెంచ్, రష్యాలో రష్యన్, చైనాలో చైనీస్ రేడియోలో వినిపిస్తూనే ఉంటాయి. సరిహద్దు దాటే పైలట్‌కు మాత్రం ఆచరణలో ఇంగ్లిష్ తప్పదు. భారత్‌లో దేశీయ విమానాల రేడియో సంభాషణ కూడా ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది కాబట్టి ఇక్కడి పైలట్‌కు మొదటి రోజు నుంచీ ఇదే దారి.

ప్రావీణ్యాన్ని ఆరు మెట్లుగా కొలుస్తారు. కనీసం నాలుగో మెట్టు, అంటే లెవెల్ 4, అందుకోవాలి. ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదసంపద, ధారాళత, అర్థం చేసుకోవడం, సంభాషణ నడపడం అనే ఆరు అంశాల్లో విడివిడిగా మార్కు వేస్తారు. ఇక్కడ సగటు తీయరు. ఆరింటిలో ఏది తక్కువగా ఉంటే అదే అభ్యర్థి స్థాయి. ఐదింటిలో ఆరో మెట్టు, ఒక్కదానిలో మూడో మెట్టు వస్తే ఫలితం మూడే. లెవెల్ 4 వస్తే మూడేళ్లకోసారి, లెవెల్ 5 వస్తే ఆరేళ్లకోసారి మళ్లీ పరీక్ష ఉంటుంది. లెవెల్ 6కి మళ్లీ అవసరం లేదు.

తెలుగు ఇళ్లలోని టెన్షన్‌కు జవాబు కూడా ఈ పట్టికలోనే ఉంది. లెవెల్ 4 ఉచ్చారణలో మాతృభాష యాస ఉండవచ్చని రాసే ఉంది. ఆ యాస వల్ల ఎదుటివారికి కొన్నిసార్లు తప్ప ఇబ్బంది కలగకూడదు, అంతే. అనుకోని పరిస్థితిలో సరైన పదం తట్టకపోతే తెలిసిన మాటల్లోనే చుట్టుతిప్పి చెప్పగలగాలన్నది పదసంపదలో కీలకమైన షరతు. ‘విండ్‌షీల్డ్’ అన్న మాట నోటికి రాకపోతే ‘ముందు అద్దం పగిలింది’ అని చెప్పగలిగితే చాలు.

మూడు ప్రమాదాలు

ఈ షరతులు ఎవరో కుర్చీలో కూర్చుని రాసినవి కావు. వీటి వెనక మూడు ప్రమాదాల పేర్లు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి.

మొదటిది 1977 మార్చి 27న కెనరీ దీవుల్లోని టెనెరిఫెలో జరిగింది. పొగమంచులో ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లున్నాయి. వాటిలో డచ్ సంస్థ కేఎల్‌ఎం విమానానికి గాల్లోకి లేచాక ఎటు వెళ్లాలో చెప్పారు గానీ, లేవడానికి అనుమతి ఇంకా ఇవ్వలేదు. కో-పైలట్ రేడియోలో ‘వీ ఆర్ నౌ ఎట్ టేకాఫ్’ అన్నాడు. టేకాఫ్ చోట సిద్ధంగా నిలబడ్డారని కంట్రోలర్ అనుకున్నాడు. విమానం అప్పటికే పరుగు మొదలుపెట్టింది. డచ్ భాషలో ‘చేస్తున్నాం’ అనే క్రియారూపం ఇంగ్లిష్‌లోకి అలా దొర్లిందని భాషావేత్తలు వివరించారు. తెలుగువారికి ఇది సులభంగానే అర్థమవుతుంది. ఫోన్‌లో ‘వస్తున్నా’ అన్నవాళ్లు దారిలో ఉండొచ్చు, ఇంకా చెప్పులు వేసుకుంటూనే ఉండొచ్చు. వింటున్నవాళ్లు తమకు తోచిన అర్థం తీసుకుంటారు.

కంట్రోలర్ ‘ఓకే’ అని, ఒక్క క్షణం ఆగి ‘స్టాండ్ బై ఫర్ టేకాఫ్, ఐ విల్ కాల్ యూ’ అన్నాడు. సరిగ్గా అదే క్షణంలో రెండోదైన పాన్ యామ్ విమానం తామింకా రన్‌వే మీదే ఉన్నామని చెప్పింది. రెండు ప్రసారాలు ఢీకొని కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో కీచుమనే శబ్దం వచ్చింది. స్పష్టంగా వినపడింది ఆ ‘ఓకే’ ఒక్కటే. 583 మంది చనిపోయారు. ఆ తర్వాత ‘టేకాఫ్’ అన్న మాటను నిజంగా అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప రేడియోలో పలకకూడదని నియమం వచ్చింది. మిగతా సందర్భాల్లో ‘డిపార్చర్’ అనాలి.

రెండోది 1990 జనవరి 25న. కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా 52 విమానం గంటకు పైగా గాల్లో చక్కర్లు కొట్టింది. ఇంధనం అడుగంటుతోంది. సిబ్బంది ‘ప్రయారిటీ’ అడిగారు గానీ ‘ఎమర్జెన్సీ’ అన్న మాట ఒక్కసారి కూడా వాడలేదు. మొదటి ల్యాండింగ్ ప్రయత్నం విఫలమయ్యాక, ఎమర్జెన్సీలో ఉన్నామని చెప్పమని కెప్టెన్ స్పానిష్‌లో అన్నాడు. కో-పైలట్ రేడియోలో దిశ మార్పును తిరిగి చెప్పి, మళ్లీ ప్రయత్నిస్తామని, ఇంధనం అయిపోతోందని ఆ వాక్యం చివర్లో కలిపేశాడు. మళ్లీ చుట్టు తిరిగి రావాలి, ఇంధనం సరిపోతుందా అని కంట్రోలర్ అడిగితే ‘ఐ గెస్ సో, థాంక్యూ వెరీ మచ్’ అన్నాడు. మర్యాదైన ఇంగ్లిషే, వ్యాకరణం తప్పేమీ లేదు. 158 మందిలో 73 మంది చనిపోయారు. ‘మినిమమ్ ఫ్యూయల్’ అంటే ఏమిటి, ‘మేడే ఫ్యూయల్’ అంటే ఏమిటి అని నిర్వచించి మాటలు బిగించడానికి ఈ ప్రమాదం నుంచి వచ్చిన పాఠమే మూలం.

మూడోది మన నేల మీద, 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన. ఢిల్లీ నుంచి బయల్దేరిన సౌదియా 747, ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ ఐఎల్‌-76 గాల్లోనే ఢీకొని 349 మంది చనిపోయారు. సౌదియా ప్రయాణికుల్లో ఎక్కువమంది సౌదీకి వెళ్తున్న భారతీయులే. కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు, సౌదియాను 14,000 దగ్గర. కజక్ కాక్‌పిట్‌లో రేడియో మాట్లాడేది పైలట్ కాదు, వెనక కూర్చున్న రేడియో ఆపరేటర్. ఎత్తు చూసుకోవాలంటే పైలట్ల భుజాల మీదుగా వాళ్ల అల్టిమీటర్‌లోకి తొంగి చూడాలి. కంట్రోలర్ ఇంగ్లిష్‌లో అడుగుల్లో చెప్పేది ఆయన వినాలి, పైలట్లకు వాళ్ల భాషలో అందించాలి, వాళ్లు మీటర్లకు అలవాటు పడ్డవాళ్లు. ఎదురు విమానం ఎత్తు చెప్పడానికి కంట్రోలర్ వాడిన ‘వన్ ఫోర్ జీరో’ (అంటే 14,000 అడుగులు) అన్న మాటను తమకిచ్చిన ఆదేశంగా పొరబడ్డారన్న అనుమానమూ ఉంది. విచారణ జరిపిన జస్టిస్ లహోటీ కమిషన్, అనుమతి లేకుండా 14,000కు దిగడమే కారణమని చెబుతూ సిబ్బంది ఇంగ్లిష్ లోపాన్ని కూడా ప్రస్తావించింది. రెండేళ్లు తిరగకుండానే, 1998లో, ఐకావో సర్వసభ్య సమావేశం ఇంగ్లిష్ ప్రావీణ్యంపై తీర్మానం చేసింది.

టెనెరిఫెలో మాట్లాడినవాళ్లకు ఇంగ్లిష్ వచ్చు. న్యూయార్క్‌లో కో-పైలట్‌కూ వచ్చు. చర్ఖీ దాద్రీలో నిజంగా రాలేదు. ఒకే నిబంధన కింద చేరిన మూడు రకాల లోపాలివి. అందుకే పరిష్కారం కూడా ఒక్క భాషా పరీక్షతో తెగేది కాదు.

రేడియోలో వినిపించేది మామూలు ఇంగ్లిష్ కాదు

రోజువారీ ప్రయాణంలో పైలట్, కంట్రోలర్ మాట్లాడుకునే మాటల్లో చాలావరకు ముందే కట్టి పెట్టినవి. ‘యస్’ అనరు, ‘అఫర్మ్’ అంటారు. అంకెల్లో తొమ్మిదిని ‘నైనర్’ అంటారు. రేడియో గరగరలో ‘ఫైవ్’, ‘నైన్’ ఒకేలా వినపడతాయి, పైగా ‘నైన్’ జర్మన్‌లో ‘కాదు’ అన్న మాటలా ఉంటుంది. మూడు ‘ట్రీ’, ఐదు ‘ఫైఫ్’. ఆల్ఫా, బ్రావో, చార్లీ అక్షరమాలను 1956లో ఖరారు చేసినప్పుడు ‘ఆల్ఫా’లో పీహెచ్ బదులు ఎఫ్ పెట్టారు. ‘జూలియెట్’ చివర రెండు టీలు రాశారు, ఫ్రెంచ్ పాఠకులు ఆఖరి అక్షరాన్ని మింగేయకుండా. ఫోన్ నంబర్లు చెప్పేటప్పుడు మన దగ్గర ‘డబుల్ నైన్’, ‘ట్రిపుల్ జీరో’ అనడం అలవాటు. శిక్షణలో చేరినవాళ్లు మొదట వదిలించుకోవాల్సినవాటిలో ఇదొకటి, ఎందుకంటే రేడియోలో నిండు వందలు, వేలు తప్ప అంకె అంకెకూ విడిగా పలకాలి.

ఈ పట్టింపు ఎందుకో చూపించే ఉదంతం 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్ దగ్గర జరిగింది. ఫ్లయింగ్ టైగర్ కార్గో విమానాన్ని 2,400 అడుగులకు దిగమంటూ కంట్రోలర్ ‘డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో’ అన్నాడు. సిబ్బంది విన్నది ‘డిసెండ్ టు ఫోర్ జీరో జీరో’, అంటే 400 అడుగులకు దిగమని. వాళ్లు ‘ఫోర్ జీరో జీరో’ అనే తిరిగి చెప్పారు. ఆ తేడాను కంట్రోలర్ పట్టుకోలేదు. విమానం కొండను ఢీకొంది, అందులోని నలుగురూ చనిపోయారు. తెలుగు లిపిలో రాస్తే ఆ రెండు మాటల మధ్య తేడా ఒక దీర్ఘం. ‘టూ థౌజండ్ ఫోర్ హండ్రెడ్’ అని ఉంటే అంత పొరపాటుకు చోటుండేది కాదు.

విన్నది తిరిగి చెప్పే పద్ధతి ఉన్నా అది ఎందుకు విఫలమైందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. మనిషి చెవి వినపడినదాన్ని కాదు, ఎదురుచూస్తున్నదాన్ని వింటుంది. వందసార్లు సరిగ్గా తిరిగి వచ్చిన సమాధానం నూటొకటోసారి కూడా సరిగ్గానే వచ్చిందనిపిస్తుంది. పదజాలాన్ని బిగించడమంటే ఆ బలహీనతకు వీలైనంత తక్కువ చోటివ్వడం.

పక్క విమానం మాట కూడా అవసరమే

స్థానిక భాషలు వాడటంపై వాదన ఇక్కడే వస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో పది విమానాలుంటాయి. పైలట్ తనకు చెప్పేదే కాదు, పక్కవారికి చెప్పేదీ విని చుట్టూ ఏం జరుగుతోందో మనసులో గీసుకుంటాడు. సగం సంభాషణ తెలియని భాషలో సాగితే ఆ బొమ్మలో సగం ఖాళీ. 2000 మే 25న పారిస్ చార్ల్స్ డి గాల్ విమానాశ్రయంలో ఒక ఫ్రెంచ్ ఎండీ-83కు టేకాఫ్ అనుమతి ఫ్రెంచ్‌లో ఇచ్చారు. రన్‌వే మధ్యలోంచి బయల్దేరాల్సిన చిన్న షార్ట్స్ 330 బ్రిటిష్ సిబ్బందికి అది అర్థం కాలేదు. వాళ్లు రన్‌వే మీదికొచ్చారు. ఎండీ-83 రెక్క తగిలి షార్ట్స్ కో-పైలట్ చనిపోయాడు.

మరో పక్షం కూడా ఉంది. కెనడాలోని క్యూబెక్‌లో ఫ్రెంచ్ పైలట్లు రేడియోలో ఫ్రెంచ్ మాట్లాడే హక్కు కోసం పోరాడారు. 1976లో దానికి వ్యతిరేకంగా ఇంగ్లిష్ మాట్లాడే పైలట్లు సమ్మె చేశారు. విచారణ సంఘం రెండు భాషల పద్ధతి సురక్షితంగా నడపవచ్చని 1979లో తేల్చింది, అది అమల్లోకీ వచ్చింది. సగం వచ్చిన ఇంగ్లిష్ కంటే బాగా వచ్చిన ఫ్రెంచ్ మేలన్నది వారి వాదన. చిన్న విమానాశ్రయంలో, స్థానిక పైలట్లే ఉన్నచోట ఈ వాదనకు బలముంది. రద్దీగా ఉండే అంతర్జాతీయ రన్‌వే మీద మాత్రం పారిస్ ఉదంతమే ఎక్కువ బరువు తూగుతుంది.

‘తీయి’ అంటే తెరవడమా, ఊడదీయడమా

మాన్యువల్ సంగతి వేరు. అక్కడ గొంతు లేదు, యాస లేదు, మళ్లీ చెప్పమని అడిగే వీలూ లేదు. రాత్రి షిఫ్టులో టార్చి వెలుతురులో చదివే మెకానిక్ ఎదుట ఉన్నది వాక్యం ఒక్కటే.

చిక్కు ఎక్కడుందో తెలుగులోనే చూడవచ్చు. ‘తలుపు తీయి’ అంటే తెరవడం. ‘బోల్టు తీయి’ అంటే విప్పి పక్కన పెట్టడం. మరి ‘ప్యానెల్ తీయి’ అంటే? కీలు మీద తెరిచి వదిలేయాలా, మొత్తం ఊడదీయాలా? ‘వేయి’ ఇంకా కష్టం. తలుపు వేస్తే మూసుకుంటుంది, లైటు వేస్తే వెలుగుతుంది, నూనె వేస్తే నిండుతుంది, బ్రేకు వేస్తే ఆగుతుంది. ఇంట్లో సందర్భం చూసి అర్థం చేసుకుంటాం. ఇంజన్ పక్కన నిలబడి ఊహించుకునే పని పెట్టకూడదు.

ఇంగ్లిష్‌లోనూ ఇదే చిక్కు. 1970ల చివర్లో యూరప్ విమాన సంస్థల సంఘం, మాన్యువళ్ల భాష తమ మెకానిక్‌లకు అర్థమయ్యేలా లేదని అక్కడి తయారీదారుల సంఘాన్ని కదిలించింది. చదివేవాళ్లలో ఎక్కువమందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు. అలా 1986లో ‘సింప్లిఫైడ్ ఇంగ్లిష్’ మార్గదర్శి మొదటిసారి వెలువడింది. 2005 నుంచి దాని పేరు ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100. అందులో సాధారణ పదాలు దాదాపు 900. విడిభాగాల పేర్లు, సాంకేతిక పదాలు వీటికి అదనం.

ఒక్కో పదానికి ఒకే అర్థం, వీలైనంతవరకు ఒకే వ్యాకరణ పాత్ర. ‘ఫాలో’ అంటే తర్వాత రావడం మాత్రమే, సూచనలను పాటించడానికి ‘ఒబే’ రాయాలి. ‘క్లోజ్’ అంటే మూయడమే, దగ్గర అన్న అర్థానికి ‘నియర్’ వాడాలి. ‘ఆయిల్’ నామవాచకమే కాబట్టి ‘బేరింగ్‌ను ఆయిల్ చేయండి’ అని రాయకూడదు, ‘బేరింగ్‌కు ఆయిల్ పూయండి’ అనాలి. పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు, వివరించే వాక్యం 25. నామవాచకాలు మూడుకు మించి వరసగా పేర్చకూడదు. ప్రమాద హెచ్చరిక పని కంటే ముందు రావాలి, తర్వాత కాదు. ‘టర్న్ ఆఫ్ ది ఇంజన్స్ నాట్ రిక్వయిర్డ్’ వంటి వాక్యం ఈ నియమాల కింద నిలవదు. అవసరం లేని ఇంజన్లు ఆపమనా, ఇంజన్లు ఆపడం అవసరం లేదనా?

చట్టం కోణంలోనూ ఒక విశేషముంది. యూరప్ నిబంధనల ప్రకారం విమానాన్ని సర్వీసుకు విడుదల చేసే ఇంజనీర్‌కు రావాల్సింది ‘ఇంగ్లిష్’ అని రాసి లేదు, ‘సాంకేతిక పత్రాలు ఏ భాషలో ఉంటే ఆ భాష’ అని ఉంది. భారత్‌లోని ఇంజనీర్ల లైసెన్స్ నిబంధన కూడా ఆ నమూనాలోనిదే. పత్రాలు ఇంగ్లిష్‌లో వస్తున్నాయి కాబట్టి ఇంగ్లిష్ అవసరమైంది. సోవియట్ విమానాల కాలంలో ఈ అవసరం రష్యన్‌కు ఉండేది. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1984లో సోయుజ్‌లో అంతరిక్షానికి వెళ్లేముందు రష్యన్ నేర్చుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ నౌక శిక్షణ అంతా ఆ భాషలోనే.

అనువదిస్తే సరిపోదా

మాన్యువల్ ఒకసారి అచ్చేసి వదిలేసే పుస్తకం కాదు. సవరణలు వస్తూనే ఉంటాయి, అత్యవసరమైనవి మధ్యలోనూ వస్తాయి. ప్రతి సవరణనూ అనువదించాలి, సాంకేతికంగా సరిచూడాలి, ఆమోదం పొందాలి. ఈలోగా హ్యాంగర్‌లో ఇంగ్లిష్ ప్రతి కొత్తది, అనువాదం పాతది. రెండింటికీ తేడా వస్తే ఏది చెల్లుతుందన్న ప్రశ్న మొదలవుతుంది. శిక్షణకు, అర్థం చేసుకోవడానికి మాతృభాషలో పాఠాలు చెప్పడం మంచిదే. పని చేసి సంతకం పెట్టేది మాత్రం మూల ప్రతి చూసే కావాలి.

పైగా విమానం తనే మాట్లాడుతుంది, అదీ ఇంగ్లిష్‌లో. 1993 నవంబరు 13న చైనాలోని ఉరుంచీలో ఒక ఎండీ-82 నేలకు ప్రమాదకరంగా దగ్గరైనప్పుడు హెచ్చరిక వ్యవస్థ ‘పుల్ అప్’ అని అరిచింది. ‘పుల్ అప్ అంటే ఏమిటి?’ అని సిబ్బందిలో ఒకరు చైనీస్‌లో అడగడం కాక్‌పిట్ రికార్డర్‌లో ఉంది. 12 మంది చనిపోయారు. విమానం ముక్కు పైకెత్తమని చెప్పే రెండు మాటలవి.

బరువు ఇంగ్లిష్‌వాళ్ల మీదా ఉంది

ఈ చర్చలో తరచూ మరుగున పడే విషయం ఒకటుంది. మాతృభాష ఇంగ్లిష్ అయినంత మాత్రాన రేడియోలో బాగా మాట్లాడినట్టు కాదు. వేగం నిమిషానికి 100 పదాలు దాటకూడదని ఐకావో నియమం. జాతీయాలు, యాస, ఊతపదాలు వదిలి, ఎదుటివారికి అర్థమయ్యేలా మాట్లాడాలని వారికీ సూచన ఉంది. అమెరికా చాలాకాలం ‘పొజిషన్ అండ్ హోల్డ్’ అనే సొంత మాట వాడి, 2010 సెప్టెంబరు 30న మిగతా ప్రపంచం వాడే ‘లైనప్ అండ్ వెయిట్’కు మారింది. న్యూయార్క్‌లో ఆ రాత్రి గడగడా ఆదేశాలిచ్చిన కంట్రోలర్ల వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటేనే ఏవియాంకా కథ పూర్తవుతుంది.

మన దగ్గర

భారత్‌లో రేడియో మాట్లాడే అర్హతకు ఆర్టీఆర్ పరీక్ష ఉంది. గతంలో టెలికాం శాఖ విభాగం నిర్వహించేది. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్‌ ఆ బాధ్యతను పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు మార్చింది. భాషా ప్రావీణ్య పరీక్ష దీనికి వేరు. ఆర్టీఆర్ చూసేది కట్టిన మాటలు వచ్చా అని, రెండోది చూసేది ఆ మాటలు అయిపోయాక ఏం చేస్తారని. పుస్తకంలోని వాక్యాలు బట్టీ పట్టినవారు మొదటిది దాటేసి రెండోదాంట్లో తడబడటానికి కారణం ఇదే.

క్యాబిన్‌లో పరిస్థితి ఇంకోలా ఉంది. 2022 సెప్టెంబరులో విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్న విమానంలో ఎమర్జెన్సీ ద్వారం పక్క వరసలో కూర్చున్న మహిళకు తెలుగే తెలుసని సీటు మార్చారు. ఆ ఫొటో సోషల్ మీడియాలో తిరిగి పెద్ద చర్చయింది. ఆ వరసలో కూర్చున్నవారు సిబ్బంది ఆదేశాన్ని అప్పటికప్పుడు అర్థం చేసుకోవాలన్న నియమం సరైనదే. కానీ రెండు తెలుగు నగరాల మధ్య విమానంలో ఆ ఆదేశం తెలుగులో ఎందుకు ఉండకూడదన్నదీ సరైన ప్రశ్నే. రేడియోలా అక్కడ వేరే దేశం పైలట్ వినాల్సిన పని లేదు. వినాల్సింది ఆ ప్రయాణికురాలే.

తెలుగులో చెప్పాలనుకుంటే మాన్యువల్ రాసేవాళ్ల జాగ్రత్తే ఇక్కడా కావాలి. ‘తలుపు తీయండి’ అంటే చాలదు. ఎయిర్‌బస్ ఏ320లో రెక్క మీది ఎమర్జెన్సీ తలుపు చాలావాటిలో మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది, దాన్ని ఎత్తి బయటికి పడేయాలి. బోయింగ్ 737-800లో హ్యాండిల్ లాగితే తలుపు పైనున్న కీలు మీద దానంతట అదే బయటికి లేస్తుంది. మొదటిదానికి ‘ఊడదీసి బయట పడేయండి’ అనాలి, రెండోదానికి ‘హ్యాండిల్ లాగి వదిలేయండి’ అనాలి.